కోసిన చేతులు

దండపాణి పాత్రో ఆ బొమ్మని
లాటరీ టికెట్టు విప్పినంత జాగ్రత్తగా విప్పాడు.
కొడుకు చరిత్ర పుస్తకంలోంచి చించిన కాగితం.
ఎవడో దొర, నాలుగైదొందల ఏళ్ళ కిందటివాడు.
తొడలకి రెండు గుమ్మడికాయలు,
మెడ చుట్టూ విస్తరి.

"ఠాకురాణి జాతరకి ఈ వేషం, నానీ" అన్నాడు ఒడియాలో.
"ఈ విస్తట్లో అన్నం తింటాడా?" అన్నాను తెలుగులో.
బరంపురంలో ఇది మామూలే.
బేరం ఏ భాషలో సాగినా
టేపు పట్టాక అంకెలు నాకు తెలుగులోనే వస్తాయి.
ఛాతీ నలభై రెండు.
పొట్ట నలభై ఆరు.
పొట్ట దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

మిషను కుట్టు ఒక్కటీ ఉండకూడదట.
డెంగీ వార్డు బయట బెంచీ మీద మొక్కుకున్నాడు,
పిల్లాడు లేచి నడిస్తే
ప్రతి కుట్టూ చేత్తోనే అని.
అమ్మవారికి మిషనంటే పడదని ఎవరు చెప్పారో
నేనడగలేదు.
నా మిషను మీద దుప్పటి కప్పేశాను,
చలిజ్వరం వచ్చిన మనిషికి కప్పినట్టు.

విస్తరికి పదకొండు గజాల మల్లుగుడ్డ.
గంజి పలచనైతే వాలిపోయింది,
చిక్కనైతే అప్పడంలా విరిగింది.
మూడోసారి తుమ్మజిగురు కలిపి
కాల్చిన చువ్వకి చుట్టి చుట్టి ఆరబెట్టాను,
ఒక ఎనిమిది పడుకున్నట్టు,
దాని పక్కన ఇంకో ఎనిమిది.
గుమ్మడికాయల్లోకి పాత దిండు దూది.
నడుం నిలబడ్డానికి ఎముకలు కావాలి:
రెండు కొబ్బరి చీపుళ్ళు విప్పేశాను.
వారం రోజులు ఇల్లు ఊడ్చింది లేదు.

ఇక చేతులు.
బొమ్మలో చేతుల నిండా చిరుగులు.
భూతద్దం పెట్టి చూస్తే చిరుగులు కావు, కోతలు.
కాజాకి కుట్టినట్టు అంచులు కుట్టారు,
లోపలి పట్టు బయటికి పొంగాలని.

ముప్పై ఏళ్ళుగా నా పని ఒకటే,
చిరిగింది చిరగనట్టు చెయ్యడం.
ఇప్పుడు మడత విప్పని మెరూన్ వెల్వెట్టు,
చేతిలో కత్తెర.
ఆ పూటంతా అలాగే కూర్చున్నాను.
గున్నమ్మత్త తొంగి చూసి
"బాగున్న గుడ్డ కోస్తే డబ్బులిస్తారేటే?" అంది.
"కోసినందుకే ఎక్కువిస్తారత్తా."

లోపలికి పట్టు?
పెట్టె అడుగున మూడు మూరలుంది,
ఎండుమిరప గింజల రంగు.
నాన్న నేస్తూ నేస్తూ ఆపేసిన ముక్క.
మర్నాడు మగ్గం గుంట మట్టితో పూడ్చి
దాని మీద సైకిలు నిలబెట్టాడు.
ఎందుకని మేమడగలేదు,
గుంట మాత్రం ప్రతి వానాకాలం కాస్త దిగేది.

ఆ ముక్కని నడిమికి ఒక్కసారి కొయ్యక తప్పలేదు.
అంతే. మిగతా కోతలన్నీ పై గుడ్డకే,
చేతికి పద్నాలుగు.

జాతర రాత్రి ముందు పులులొచ్చాయి,
తర్వాత ఒక యముడు, ఇద్దరు పోలీసులు
(ఒకడు వేషం, ఒకడు డ్యూటీ),
ఆ వెనక దండపాణి.
చైత్రం ఉక్కకి విస్తరి అప్పటికే వాలింది,
గంజి కారి మెడ మీద తెల్లచారలు.
పుల్లలు ఎక్కడ గుచ్చుతున్నాయో మొహం చెబుతోంది.
భుజాల మీద కొడుకు.
వాడి కాళ్ళు జారకుండా చేతులెత్తి పట్టుకుంటే
ఎత్తినప్పుడల్లా కోతలు తెరుచుకుంటున్నాయి,
సీరియల్ బల్బుల కింద
ఎండుమిరప గింజలు,
ఎండుమిరప గింజలు.

పక్కనెవరో ఒడియాలో అన్నారు:
"పాపం, చొక్కా చేతులు చిరిగిపోయాయి."
నేను ఏ భాషలోనూ ఏమీ అనలేదు.

రెండ్రోజులకి సంచీతో వచ్చాడు.
పొట్ట దగ్గర పిగిలిందట.
"కనబడకుండా కుట్టెయ్ నానీ."
చూశాను. ఇది చిరుగే.
మొక్కు తీరిపోయింది కదా అని
మిషను మీద దుప్పటి తీశాను.